స్టీల్ గిటార్‌పై కుడిచేయి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

స్టీల్ గిటార్ గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు రావడం మొదలైనప్పుడు, బార్‌ను (తీగలపై జార్చే ఉక్కు ముక్కను) ఎలా పట్టుకోవాలి, శ్రుతి తప్పకుండా ఎలా జార్చాలి అన్న ప్రశ్నలే ఎక్కువగా ఉంటాయని అనుకున్నాను. తీరా విప్పి చూస్తే ఒకటి రెండు తప్ప అన్నీ కుడిచేతి గురించినవే. హవాయి దీవుల్లో 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు తీగలపై బార్ జార్చి వాయించే ఈ పద్ధతికి ఆద్యుడయ్యాడని చెబుతారు. ఆనాటి నుంచీ ఈ వాద్యానికి పేరు ఎడమచేతిలోని ఉక్కు ముక్క వల్లే వచ్చింది కాబట్టి, నేర్చుకునేవారి చూపు కూడా సహజంగా అటే పోతుంది. కుడిచేతిలో లోపం ఉందని తెలుసుకోవడానికే కొందరికి ఏళ్లు పడుతుంది. వచ్చిన ఉత్తరాలను కుదించి, ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: పది తీగల పెడల్ స్టీల్‌ను (పెడల్‌లతో తీగల శ్రుతి మార్చే స్టీల్ గిటార్‌ను) ఏడాదిన్నరగా సాధన చేస్తున్నాను. నిదానంగా సాగే పాటలు బాగానే పలుకుతాయి. కొంచెం వేగం పెంచగానే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దగా వినిపిస్తాయి. వేళ్ల వేగం చాలడం లేదేమోనని రోజూ గంటసేపు వేగం కోసమే సాధన చేస్తున్నాను, అయినా మార్పు లేదు. బ్లాకింగ్, అంటే మోగే తీగను ఆపడం, చేయాలని కొందరు అంటున్నారు. పామ్ బ్లాకింగ్ నేర్చుకోవాలా, పిక్ బ్లాకింగ్ నేర్చుకోవాలా?

సమాధానం: మీ వేళ్ల వేగంలో లోపం ఉండకపోవచ్చు. మామూలు గిటార్‌లో ఫ్రెట్‌పై నొక్కిన వేలు ఎత్తగానే ఆ స్వరం దానంతటదే ఆగిపోతుంది. స్టీల్ గిటార్‌లో ఆ సదుపాయం లేదు. బార్ అన్ని తీగలపైనా ఒకేసారి ఆని ఉంటుంది కాబట్టి, ఒక తీగను మీటి పక్క తీగకు వెళ్లినా మొదటిది మోగుతూనే ఉంటుంది. నాలుగు స్వరాలు వాయించేసరికి నాలుగూ కలిసి మోగుతాయి, దాన్నే మీరు ముద్ద అంటున్నారు. అందువల్ల ఈ వాద్యంలో కుడిచేతికి రెండు పనులు ఉన్నాయి: స్వరాన్ని పుట్టించడం, దాన్ని సరైన క్షణంలో ఆపడం. మొదటిది నెల రోజుల్లో పట్టుబడుతుంది. రెండోది నేర్చుకోకుండా మీరు గంటసేపు చేసే వేగసాధన అంతా, ఆ ముద్దను మరింత వేగంగా తయారుచేసే సాధన మాత్రమే అవుతుంది. మాట కొంచెం కటువుగా ఉంటే క్షమించండి, నా మొదటి రెండేళ్లూ అలాగే గడిచాయి.

పామ్ బ్లాకింగ్‌లో అరచేతి వెలుపలి అంచు, అంటే చిటికెనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా ఉండే మెత్తని భాగం, తీగలపై తేలికగా ఆని ధ్వనిని ఆపుతుంది. ఉంగరపు వేలు, చిటికెనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంటాయి. మీటే క్షణంలో ఆ అంచు తీగల నుంచి కాస్త లేస్తుంది, మీటిన స్వరం పలకవలసినంత సేపు పలికాక మళ్లీ దిగుతుంది. ఈ లేవడం, దిగడం కొన్ని మిల్లీమీటర్లకు మించకూడదు. మొదట్లో అందరూ చేసే పొరపాటు చేతిని మణికట్టు దగ్గర ఎత్తి, కూరగాయలు తరిగినట్టు కిందికి దించడం. అలా దిగిన చేయి తీగలకు తగిలిన చప్పుడు కూడా పికప్‌లో (తీగల ధ్వనిని యాంప్లిఫయర్‌కు అందించే భాగంలో) పడుతుంది. తలుపు మూసేటప్పుడు చివరి అంగుళంలో చేత్తో పట్టుకుని నెమ్మదిగా చేర్చినట్టు ఆ అంచు తీగను చేరాలి.

పిక్ బ్లాకింగ్‌లో అరచేతికి బదులు పిక్‌లే ఆ పని చేస్తాయి. ఆరో తీగను బొటనవేలితో మీటారనుకోండి. తరువాత అయిదో తీగను మధ్యవేలితో మీటే క్షణంలోనే బొటనవేలు తిరిగి ఆరో తీగపై వాలి దాన్ని ఆపేస్తుంది. ఒకే తీగను రెండుసార్లు మీటవలసి వస్తే రెండో వేలు దిగడంతోనే మొదటి స్వరం తెగిపోతుంది, వేరే ప్రయత్నం అక్కరలేదు. చేయి మొత్తం కదలనక్కరలేదు కాబట్టి వేగంగా సాగే ఒంటి స్వరాల వరుసలకు ఇది బాగా నప్పుతుంది. దీనికి ఒక ఇబ్బంది ఉంది. మోగుతున్న తీగపై లోహపు పిక్ మెల్లగా వాలితే జుమ్మనే గరుకు ధ్వని వస్తుంది, చుట్టు తీగలపై (సన్నని లోహపు తీగ చుట్టిన మందపు తీగలపై) అది మరీ ఎక్కువ. పిక్‌తోపాటు వేలి కండ కూడా తీగకు తాకేలా చూసుకుంటే, తాకడంలో తటపటాయింపు లేకుంటే, ఆ గరుకు చాలావరకు పోతుంది.

ఇక ఏది నేర్చుకోవాలన్నది. అమెరికాలో పెడల్ స్టీల్ బోధకుడిగా పేరుపొందిన జెఫ్ న్యూమన్ పామ్ బ్లాకింగ్‌ను కుడిచేతి శిక్షణకు పునాదిగా బోధించారు. నేటి వాద్యకారుల్లో పాల్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పగానే పిక్ బ్లాకింగ్ గుర్తుకు వస్తుంది. ఇద్దరి బాటలోనూ గొప్పగా వాయించేవారు ఉన్నారు. చేయి తిరిగినవారిలో చాలామంది రెండింటినీ కలిపి వాడుతారు, ఏ క్షణంలో ఏది వాడుతున్నారో అడిగితే వెంటనే చెప్పలేరు కూడా. నా అభిప్రాయం అడిగితే ముందు పామ్ బ్లాకింగ్ నేర్చుకోండి. మూడు తీగలను కలిపి మీటి ఒక్కసారిగా ఆపవలసిన చోట దానికి సాటి లేదు, పైగా చేయి వాద్యంపై ఎక్కడ ఉండాలో అది ముందే నిర్ణయించేస్తుంది. ఆరు నెలల తరువాత పిక్ బ్లాకింగ్ మొదలుపెట్టవచ్చు. రెండింటినీ ఒకే వారంలో మొదలుపెట్టడం మాత్రం వద్దు.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, ఒకే తీగను ప్రతి దెబ్బకూ ఒకసారి మీటండి. దెబ్బకూ దెబ్బకూ సరిగ్గా మధ్యలో ఆ స్వరాన్ని ఆపండి. ధ్వని ఎంతసేపు ఉందో నిశ్శబ్దం కూడా అంతేసేపు ఉండాలి. వినడానికి ఇది పసిపిల్లల పాఠంలా ఉంటుంది, కానీ వాయించినదాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఆ నిశ్శబ్దాలు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నాయో తెలుస్తుంది. అవి సమానంగా వచ్చాక రెండు పక్క తీగలపై, ఆ తరువాత ఒక తీగ విడిచి ఇంకో తీగపై ఇదే సాధన చేయండి. వేగం గంటను కనీసం ఒక నెల పక్కన పెట్టండి.

ప్రశ్న: లోహపు ఫింగర్ పిక్‌లు పెట్టుకుంటే తీగను గీరినట్టు చప్పుడు వస్తోంది. అవి తీసేసి ఒట్టి వేళ్లతో వాయిస్తే ధ్వని మెత్తగా, హాయిగా ఉంది. నాది ఆరు తీగల ల్యాప్ స్టీల్ (ఒడిలో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్). పిక్‌లు మానేస్తే తప్పా?

సమాధానం: తప్పేమీ లేదు, ఒట్టి వేళ్లతో వాయించేవారూ ఉన్నారు. అయితే పిక్‌లను వదిలేసే ముందు, ఆ చప్పుడు పిక్‌ల వల్ల వస్తోందా, వాటిని పెట్టుకున్న తీరు వల్ల వస్తోందా అన్నది తేల్చుకోండి. చాలాసార్లు రెండోదే కారణం.

కొత్తగా కొన్న ఫింగర్ పిక్ కొస తిన్నగా ఉంటుంది. దాన్ని అలాగే తొడుక్కుంటే కొస వేలి నుంచి దూరంగా ముందుకు పొడుచుకు వచ్చి, తీగ కిందికి లోతుగా దిగి, పైకి వచ్చేటప్పుడు గీరుతుంది. కొసను వేలి చివరి వంపును అనుసరించేలా మెల్లగా వంచాలి. వంచాక అది వేలి కొనను దాటి కొద్దిగా, అంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే, బయటికి కనిపించాలి. పిక్ గోరు వైపు కాదు, వేలి కండ వైపు ఉండాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను, అయినా తిరగేసి పెట్టుకున్నవారిని నేను చూశాను.

రెండో కారణం కోణం. మన వేళ్లు తీగలకు నిలువుగా రావు, కాస్త ఏటవాలుగా వస్తాయి. పిక్‌ను వేలికి సరిగ్గా మధ్యలో పెట్టుకుంటే దాని ముఖం తీగకు సమంగా తగలదు, ఒక అంచు ముందుగా తగిలి గీరుతుంది. పిక్‌ను వేలిపైనే కొద్దిగా పక్కకు తిప్పి, దాని ముఖం తీగకు సమాంతరంగా వచ్చేలా సర్దుకోవాలి. ఎంత తిప్పాలన్నది మీ చేతి నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. తీగపై పిక్‌ను ఆనించి, మీటకుండా, కళ్లు దగ్గరగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

బొటనవేలి పిక్ సాధారణంగా ప్లాస్టిక్‌ది. అది వదులుగా ఉంటే మీటేటప్పుడు తిరిగిపోతుంది, బిగుతుగా ఉంటే పావుగంటలో వేలు మొద్దుబారుతుంది. వేడినీళ్లలో కాసేపు ముంచి మెత్తబడ్డాక వేలికి తగినట్టు వంచుకుని చల్లారనిస్తే ఆ ఆకారం నిలుస్తుంది. కొస మరీ పొడవుగా ఉంటే గోళ్లు అరగదీసే ఆకురాయితో కొంత తగ్గించి అంచులు నునుపు చేసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా ఒట్టి వేళ్ల ధ్వనే మీకు నచ్చితే దానితోనే సాగండి. ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్‌లో ధ్వని పరిమాణాన్ని యాంప్లిఫయర్ చూసుకుంటుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. వేగంగా వాయించేటప్పుడు స్పష్టత కొంత తగ్గుతుంది, అంతే. యాంప్లిఫయర్ లేకుండా లోపలి లోహపు శంకువుతో ధ్వనిని పెంచే డోబ్రో వంటి రెసొనేటర్ గిటార్ మీది అయితే మాత్రం నా సమాధానం వేరుగా ఉండేది.

ప్రశ్న: ఏ తీగను ఏ వేలితో మీటాలి అన్నదానికి నియమం ఏదైనా ఉందా? నాకు తోచిన వేలితో మీటుతున్నాను, కానీ మధ్యలో వేళ్లు ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి. నాది ఇ9 ట్యూనింగ్ (తీగలను శ్రుతి చేసే ఒక అమరిక) పెడల్ స్టీల్.

సమాధానం: ఒక్క సూత్రం చాలు: బొటనవేలు ఎప్పుడూ మీకు దగ్గరగా ఉన్న తీగపై, మిగతా వేళ్లు దూరంగా ఉన్న తీగలపై ఉండాలి. అడ్డం రావడమంటే ఈ క్రమం తారుమారు కావడమే. మూడు తీగలు కలిపి మీటే గ్రిప్‌లలో ఇది సులువుగానే పాటించవచ్చు. 8, 6, 5 తీగల గ్రిప్‌లో బొటనవేలు ఎనిమిదిపై, చూపుడువేలు ఆరుపై, మధ్యవేలు అయిదుపై ఉంటాయి. 10, 8, 6 తీగలకు మారినప్పుడు అదే ఆకారం మీ వైపుకు జరుగుతుంది, ఎక్కడ ఒక తీగను వదిలేయాలన్నదే తేడా. 3, 4, 5, 6, 8, 10 తీగలు కలిసి పెడల్ తొక్కకుండానే ఒక మేజర్ కార్డ్ ఇస్తాయి కాబట్టి, గ్రిప్‌ల సాధన వీటిపైనే మొదలుపెట్టడం మేలు.

ఒంటి స్వరాల దగ్గరే ఈ సూత్రం పరీక్షకు నిలుస్తుంది, ఎందుకంటే ఇ9 ట్యూనింగ్‌లో తీగలు స్థాయి వరుసలో లేవు. మొదటి తీగ ఎఫ్ షార్ప్, రెండోది డి షార్ప్, మూడోది జి షార్ప్, నాలుగోది ఇ. అంటే అన్నిటికంటే దూరంగా ఉన్న మొదటి రెండు తీగలూ మూడో తీగ కంటే కింది స్థాయివి, రెండోదైతే నాలుగో తీగ కంటే కూడా కిందిదే. స్వరాల వరుసలో ఖాళీలు పూరించడానికి 1960ల మొదట్లో పెడల్ స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ చేర్చిన తీగలివి. వాటి వల్ల స్వరక్రమం సులువైంది, కొత్తవారి కుడిచేయి మాత్రం తికమకలో పడింది.

మూడో ఫ్రెట్ దగ్గర బార్ ఉంచి జి మేజర్ స్కేల్‌ను వాయించి చూడండి. జి కోసం ఎనిమిదో తీగ, ఏ కోసం ఏడో తీగ, బి కోసం ఆరో తీగ మీటాలి. అదే ఆరో తీగను బి పెడల్ (ఆ తీగ శ్రుతిని అర మెట్టు పెంచేది) తొక్కి మీటితే సి వస్తుంది. అయిదో తీగ డి ఇస్తుంది, దాన్నే ఏ పెడల్ (ఆ తీగ శ్రుతిని ఒక మెట్టు పెంచేది) తొక్కి మీటితే ఇ వస్తుంది. తరువాత ఎఫ్ షార్ప్ కోసం రెండో తీగకు దూకి, మళ్లీ వెనక్కి వచ్చి పై జి కోసం నాలుగో తీగను మీటాలి. దీనికి వేళ్ల వరుస ఇలా పెట్టుకోండి: ఎనిమిదికి బొటనవేలు, ఏడుకు చూపుడువేలు, ఆరుకు మధ్యవేలు, పెడల్‌తో అదే ఆరుకు బొటనవేలు, అయిదుకు మధ్యవేలు, పెడల్‌తో అదే అయిదుకు బొటనవేలు, రెండుకు మధ్యవేలు, చివరి నాలుగుకు బొటనవేలు. ఎక్కడా బొటనవేలు మిగతా వేళ్లను దాటి అవతలికి పోలేదని గమనించండి. చివరి రెండు స్వరాల దగ్గర ధ్వని స్థాయి పెరుగుతుంటే చేయి మాత్రం మీ వైపుకు తిరిగి వస్తుంది. ఆ చిన్న వైరుధ్యం చేతికి అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

దిగేటప్పుడు ఇదే వరుసను తిరగేసి వాయించవచ్చు, అయితే ఒక జాగ్రత్త ఉంది. సి నుంచి బికి దిగేటప్పుడు పెడల్‌ను వదిలే క్షణం, మధ్యవేలు ఆరో తీగపై వాలే క్షణం ఒక్కటే కావాలి. పెడల్ ముందే వదిలితే స్వరం జారి వినిపిస్తుంది. జారుడు కావాలనుకుంటే అందంగానే ఉంటుంది, అక్కరలేని చోట వినిపిస్తేనే దోషం.

ప్రశ్న: ఉంగరపు వేలికి కూడా పిక్ పెట్టుకోవడం మంచిదా?

సమాధానం: నాలుగు స్వరాల కార్డ్‌లు తరచుగా అవసరమయ్యే సి6 ట్యూనింగ్‌లో కొందరు పెట్టుకుంటారు. మొదటి రెండేళ్లూ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు చాలు. పామ్ బ్లాకింగ్‌కు ఉంగరపు వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉండడమే సౌకర్యం కాబట్టి, దానికి వేరే పని అప్పగిస్తే చేతి అంచు తీగలపై ఆనే తీరు మారిపోతుంది.

ప్రశ్న: కింది ఫ్రెట్‌ల దగ్గర ధ్వని మెరుపుగా ఉంటోంది, బార్‌ను పన్నెండో ఫ్రెట్ వైపు జరిపేకొద్దీ గుల్లగా మారుతోంది. వాద్యంలో దోషమా, మీటడంలో దోషమా? కుడిచేయి ఎక్కడ ఉంచాలి?

సమాధానం: రెండూ కాదు. తీగను ఏ చోట మీటామన్నదాన్ని బట్టి అందులో ఏ ఉపస్వరాలు (మూల స్వరంతోపాటు మోగే పై స్వరాలు) పలుకుతాయో, ఏవి పలకవో నిర్ణయమవుతుంది. మీటిన బిందువు దగ్గర కదలకుండా ఉండవలసిన ఉపస్వరం ఏదైనా ఆ మీటుతో పుట్టదు. తీగను సరిగ్గా సగం దగ్గర మీటితే రెండు, నాలుగు, ఆరు వంటి సరిసంఖ్య ఉపస్వరాలన్నీ మాయమై, మీరు చెబుతున్న ఆ గుల్ల ధ్వని వస్తుంది. బ్రిడ్జికి (కుడిచేతి వైపు తీగలు ఆనే ఆధారానికి) దగ్గరగా మీటేకొద్దీ పై ఉపస్వరాలు ఎక్కువై ధ్వని పదునెక్కుతుంది.

మీ వాద్యంలో మోగే తీగ పొడవు 24 అంగుళాలు అనుకుందాం. బ్రిడ్జి నుంచి 6 అంగుళాల దూరంలో మీరు ఎప్పుడూ మీటుతున్నారనుకుంటే, బార్ లేని తీగలో అది నాలుగో వంతు. బార్ అయిదో ఫ్రెట్ దగ్గర ఉన్నప్పుడు మోగే పొడవు దాదాపు 18 అంగుళాలు కాబట్టి అదే చోటు మూడో వంతు అవుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర మోగే పొడవు 12 అంగుళాలే, అంటే ఇప్పుడు మీరు సరిగ్గా సగం దగ్గర మీటుతున్నారు. చేయి ఒక్క అంగుళం కూడా కదలలేదు, ధ్వని మాత్రం మారిపోయింది.

కాబట్టి బార్ పైకి వెళ్లేకొద్దీ కుడిచేయి కూడా బ్రిడ్జి వైపు కొద్దికొద్దిగా జరగాలి. లెక్క ప్రకారం నాలుగో వంతునే నిలుపుకోవాలంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర 3 అంగుళాలకు రావాలి, కానీ అంత దగ్గరలో తీగ బిగుతుగా ఉండి చేతికి మొరటుగా తగులుతుంది, కొన్ని వాద్యాలలో పికప్ కూడా అడ్డం వస్తుంది. 4 అంగుళాల దగ్గర ఆగితే చాలు. కొలబద్ద పెట్టి చూడవలసిన పని లేదు. ఒకే స్వరాన్ని రెండు వేర్వేరు ఫ్రెట్‌ల దగ్గర, వేర్వేరు తీగలపై వాయించి, రెండూ ఒకే గొంతులా వినిపించే దాకా కుడిచేతిని జరుపుతూ పోతే చెవే చోటు చూపిస్తుంది.

ఇదే లెక్కను కావాలని వాడుకునే అందమైన ప్రక్రియ ఒకటి ఉంది. బార్ నుంచి సరిగ్గా పన్నెండు ఫ్రెట్‌ల అవతల, అంటే మోగే పొడవులో సగం దగ్గర, అరచేతి అంచును తీగకు ఇలా ఆనీ ఆననట్టు తాకించి, అదే చేతి బొటనవేలితో మీటి, వెంటనే అంచును ఎత్తేస్తే ఒక అష్టకం పైస్థాయిలో గంట మోగినట్టు స్వరం పలుకుతుంది. దీన్నే హార్మోనిక్స్ అంటారు. ల్యాప్ స్టీల్‌పై జెర్రీ బర్డ్ ఈ స్వరాలను ఎంత నిర్మలంగా పలికించేవారో ఆయన రికార్డింగులు వింటే తెలుస్తుంది. పామ్ బ్లాకింగ్ నేర్చుకున్న చేతికి ఇది సగం వచ్చినట్టే, ఎందుకంటే రెండింటిలోనూ పనిచేసేది అదే అంచు.

ప్రశ్న: అరగంట వాయించేసరికి మణికట్టు నుంచి మోచేయి దాకా లాగుతోంది. సాధన పెంచితే అలవాటు పడుతుందని కొందరు ధైర్యం చెబుతున్నారు. నిజమేనా?

సమాధానం: నిజం కాదు. అద్దం ముందు కూర్చుని మీ కుడిచేతిని పక్క నుంచి చూసుకోండి. కుర్చీ ఎత్తు తక్కువైతే ముంజేయి తీగలను చేరడానికి పైకి ఎక్కి, మణికట్టు దగ్గర కిందికి వంగుతుంది, భుజం కూడా తెలియకుండానే లేస్తుంది. ముంజేయి నేలకు ఇంచుమించు సమాంతరంగా, మణికట్టు వంపు లేకుండా ఉండేలా కుర్చీని సరిచేయండి. మీటే కదలిక వేలి మొదటి కణుపు నుంచి రావాలి, వేలు అరచేతి వైపు ముడుచుకోవాలి. తీగను పైకి పీకే అలవాటు ఉంటే ముంజేతి కండరాలపై భారం రెట్టింపవుతుంది.

గట్టిగా మీటడం కూడా ఒక కారణం కావచ్చు. యాంప్లిఫయర్ ధ్వనిని తగ్గించి పెట్టుకుని వాయించేవారు తెలియకుండానే చేతి బలం పెంచుతారు. దాన్ని కాస్త పెంచి, చేతిని తేలిక చేయండి. అరగంటను పది నిమిషాల చొప్పున మూడు భాగాలు చేసుకుని మధ్యలో చేతులు వదులు చేయండి. నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. వేళ్లలో తిమ్మిరి, రాత్రివేళ నొప్పి వంటివి ఉంటే ఇంకే సలహా వినకుండా వైద్యుడికి చూపించుకోండి.

ప్రశ్న: డోబ్రోపై జి ఓపెన్ ట్యూనింగ్‌లో రోల్స్ నేర్చుకుంటున్నాను. మూడు వేళ్లతో వరుసగా మీటుతుంటే బొటనవేలి స్వరం గట్టిగా, మధ్యవేలి స్వరం నీరసంగా వస్తోంది. లయ కూడా కుంటుతోంది.

సమాధానం: ఈ రోల్స్ బాంజో నుంచి వచ్చినవి. ఎర్ల్ స్క్రగ్స్ బాంజోపై స్థిరపరిచిన మూడు వేళ్ల పద్ధతిని జాష్ గ్రేవ్స్ డోబ్రోకు మలిచారు, 1955లో ఫ్లాట్, స్క్రగ్స్‌ల బృందంలో చేరాక ఆ ధ్వని బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద శైలి సంగీతంలో భాగమైపోయింది. రోల్‌లో కష్టమంతా లెక్కలో ఉంది. వేళ్లు మూడు, ఆవర్తంలో స్వరాలు ఎనిమిది. కాబట్టి సాధారణంగా మూడు, మూడు, రెండుగా విడగొడతారు: బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, మళ్లీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, చివరగా బొటనవేలు, మధ్యవేలు. బొటనవేలు ఒకటి, నాలుగు, ఏడు స్థానాల్లో పడుతుంది. కొత్తవారి చెవి ఆ మూడు చోట్లనూ సమాన దూరంలో ఉన్న దెబ్బలుగా వినాలని చూస్తుంది, అందుకే ఏడో స్వరం తరువాత లయ కుంటుతుంది.

మెట్రోనోమ్‌ను 60 దగ్గర ఉంచి, దెబ్బకు రెండు స్వరాల చొప్పున, అంటే నాలుగు దెబ్బలకు ఒక రోల్ పూర్తయ్యేలా వాయించండి. ముందు బార్ లేకుండా, ఎడమచేతిని తీగలపై అడ్డంగా ఆనించి, స్వరం పలకకుండా టకటక చప్పుడు మాత్రమే వచ్చేలా చేయండి. స్వరం వినిపిస్తుంటే దాని అందం లోపాలను కప్పేస్తుంది, చప్పుడులో ఏ వేలు బలహీనమో దాచడానికి వీలుండదు. తరువాత మధ్యవేలి స్వరాన్ని మాత్రమే కావాలని నొక్కి పలుకుతూ కొన్ని రోజులు వాయించండి. దాని బలం పెరగడం ఒక ప్రయోజనమైతే, బొటనవేలు తగ్గడం నేర్చుకోవడం అంతకంటే పెద్ద ప్రయోజనం.

మొదటి ప్రశ్నకు ఇచ్చిన సమాధానం చదివి ఇక్కడ కూడా ప్రతి స్వరాన్నీ ఆపడం మొదలుపెట్టవద్దు. రోల్‌లో తీగలు ఒకదానిపై ఒకటి మోగడమే దాని జీవం. ఆపవలసింది కార్డ్ మారే చోట మాత్రమే. అక్కడ బార్ కదిలే ముందు అరచేతి అంచు ఒక్క క్షణం దిగి లేవాలి, లేకుంటే పాత కార్డ్ మొత్తం కొత్త చోటికి ఈడ్చుకొచ్చినట్టు వినిపిస్తుంది. బార్ వెనుక ఎడమచేతి వేళ్లు తీగలపై ఆని ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, అవి గాలిలో ఉంటే బార్‌కు అటువైపు తీగలు కూడా మోగి రొద పెడతాయి.

ప్రశ్న: వాల్యూమ్ పెడల్‌తో ప్రతి స్వరాన్నీ మెల్లగా లేపితే మీటు చప్పుడు వినిపించడం లేదు, ధ్వని వయొలిన్‌లా వస్తోంది. సాధన కూడా ఇలాగే చేయవచ్చా?

సమాధానం: కచేరీలో అప్పుడప్పుడు చేయండి, సాధనలో వద్దు. వాల్యూమ్ పెడల్ అసలు పని, స్వరం సన్నబడుతున్నప్పుడు కొద్దికొద్దిగా పెంచుతూ దాన్ని నిలబెట్టడం. అందుకే మీటేటప్పుడు పెడల్ సగం దగ్గర ఉండి, పైన ఇంకా చోటు మిగలాలి. ప్రతి మీటునూ పెడల్‌తో దాచేస్తే పిక్ కోణం తప్పినా, బ్లాకింగ్ ఆలస్యమైనా, బొటనవేలు మిగతావాటిని మించినా మీ చెవికి తెలియదు. నెల తరువాత ఎప్పుడో పెడల్ లేని వాద్యం చేతికి వస్తే అన్నీ ఒకేసారి బయటపడతాయి. రోజూ సాధనలో మొదటి ఇరవై నిమిషాలు కేబుల్‌ను పెడల్ నుంచి తీసి నేరుగా యాంప్లిఫయర్‌కు పెట్టి వాయించండి.